గాడి తప్పితే గోడకే చేటు!
పాత ఇళ్లకు కొత్త వైరింగు.. స్విచ్చి తీగ ఏ దారిన దిగాలి?

బళ్లారిలో మిద్దె ఇల్లు. హోసూరులో రాతి గోడల ఇల్లు. బరంపురంలో నేతన్నల వీధిలో పొడవాటి ఇల్లు. షోలాపూర్‌లో రెండు గదుల కాపురం. యానాంలో ఏటి ఒడ్డున పెంకుటిల్లు. రాష్ట్రాల గీతలు అటూ ఇటూ మారాయి. 1936లో గంజాం ఒరిస్సాలో కలిసింది. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. 1954లో యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. ఇళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. తాతలు కట్టిన గోడల మధ్యే మనవళ్లు కాపురం చేస్తున్నారు.

ఈ ఇళ్లలో చాలావాటిని కట్టేనాటికి కరెంటు లేదు. గోడ ముందు లేచింది, తీగ తర్వాత వచ్చింది. చెక్క పట్టీ కొట్టి, దాని మీద రేకు క్లిప్పులతో వైరు బిగించి, గదికో బల్బు వేలాడదీశారు. అప్పట్లో అదే గొప్ప. ఇప్పుడు అదే ఇంట్లో ఫ్రిజ్జు, మోటారు, మిక్సీ, గీజరు, ఏసీ చేరాయి. తీగ మాత్రం ఆనాటిదే.

అందుకే సరిహద్దు ఊళ్లలో పాత ఇంటికి మరమ్మతు అనగానే మొదట వచ్చే మాట ‘వైరింగు మార్చాలి’. ఆ వెంటే రెండో ప్రశ్న. ‘అమ్మా, గోడ కొట్టి లోపల పైపు వేద్దామా, పైన పట్టీ వేద్దామా?’ అని ఎలక్ట్రీషియన్ అడుగుతాడు. ‘నీకు తెలియనిదేముంది నాయనా, కనిపించకుండా వెయ్యి’ అంటుంది ఇంటి పెద్దావిడ. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఏ గోడను కొట్టొచ్చు, ఎంత లోతు కొట్టొచ్చు, ఏ గోడ జోలికి అసలు వెళ్లకూడదు అన్నది తెలియకుండా సుత్తి ఎత్తితే, తీగ దాగుతుందేమో కానీ గోడ నిలవదు.

మార్చక తప్పని గుర్తులు

పాత తీగ చెప్పి చెడదు. కొన్ని గుర్తులు మాత్రం చూపిస్తుంది. స్విచ్చి వేస్తే చిటపటమని చప్పుడు. బోర్డు మీద చెయ్యి పెడితే వెచ్చదనం. వానాకాలంలో గోడ తాకితే జిల్లుమనడం. మాటిమాటికీ ఫ్యూజు పోవడం. పోయిన ఫ్యూజుకు మందపు తీగ చుట్టి పని కానివ్వడం ఇంకా ప్రమాదం. ఫ్యూజు తీగ కరగకపోతే గోడలోని తీగ కరుగుతుంది.

రబ్బరు తొడుగు ఉన్న పాత వైర్లయితే ఏళ్లు గడిచేకొద్దీ ఆ తొడుగు ఎండి, పెళుసై, ముట్టుకుంటే రాలిపోతుంది. ఒకప్పుడు విరివిగా వాడిన అల్యూమినియం తీగలది మరో తంటా. స్క్రూ కింద నలిగి, కాలక్రమంలో వదులవుతాయి. వదులైన చోట వేడి పుడుతుంది. వాటికి రాగి తీగను మెలిపెట్టి టేపు చుడితే ఆ అతుకు త్వరగా చిలుము పడుతుంది. సగం పాతది ఉంచి సగం కొత్తది కలపడం పొదుపు కాదు, గోడలో నిప్పు దాచడం.

మరో గుర్తు ఇంటిల్లిపాదీ చూసేదే. స్విచ్చి ఆపినా ఎల్‌ఈడీ బల్బు మసకగా మిణుకుమంటుంటుంది. స్విచ్చిలో చిన్న ఇండికేటరు దీపం ఉన్నా అలా జరగొచ్చు. అది లేకుండా మిణుకుమంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. స్విచ్చి ఫేజు తీగ మీద కాక న్యూట్రల్ మీద పడి ఉండొచ్చు. అదే అయితే, స్విచ్చి ఆపినా హోల్డరులో కరెంటు అలాగే ఉంటుంది. ఆపేశామనుకుని బల్బు మార్చబోయినవారు దెబ్బ తినేది ఇక్కడే.

స్విచ్చి దగ్గరికి ఎన్ని తీగలు?

దీపం వెలగడానికి రెండు తీగలు కావాలి. ఒకటి కరెంటు తెచ్చే ఫేజు, రెండోది తిరిగి వెళ్లే న్యూట్రల్. స్విచ్చి పని ఫేజును తెంచడం, కలపడం. ఇందులో మార్పు ఉండకూడదు. మెయిన్ బోర్డు నుంచి ఫేజు స్విచ్చి బోర్డుకు వస్తుంది. స్విచ్చి దాటి బల్బుకు వెళ్లే తీగను పనివాళ్లు స్విచ్చి వైరు లేదా రిటర్ను అంటారు. న్యూట్రల్ తెగకుండా నేరుగా బల్బుకు చేరుతుంది. మూడోది ఎర్తు. పాత ఇళ్లలో చాలాచోట్ల ఇదే ఉండదు.

ఒక గదిలో రెండు దీపాలు, ఒక ఫ్యాను, బోర్డులో ఒక ప్లగ్గు ఉన్నాయనుకుందాం. మెయిన్ నుంచి బోర్డుకు ఫేజు, న్యూట్రల్, ఎర్తు.. మూడు తీగలు వస్తాయి. బోర్డు నుంచి పైకి మూడు స్విచ్చి వైర్లు, ఒక న్యూట్రల్, ఒక ఎర్తు.. ఐదు తీగలు వెళ్తాయి. వెరసి ఎనిమిది. దీపం ఒక్కటే కదా అని సన్న పైపు వేస్తే ఇవన్నీ ఇరుక్కుంటాయి. పైపులో సగానికి పైగా ఖాళీ ఉంటేనే తీగ తొడుగు గీసుకుపోకుండా లాగడం వీలవుతుంది, వేడి నిలవదు. రేపు మరో తీగ కావాల్సి వచ్చినా గోడ మళ్లీ పగలగొట్టే పని ఉండదు.

బోర్డులో న్యూట్రల్ తప్పనిసరిగా ఉంచమని అడగాలి. ఫోనుతో నడిచే కొత్తరకం స్విచ్చుల్లో చాలావాటికి అది కావాలి. ఇప్పుడు వద్దనుకున్నా, రేపు పిల్లలు అడగొచ్చు.

నిలువు గాడి మేలు.. అడ్డ గాడి కీడు

ఇటుక గోడలో గాడి కొట్టడానికి ఓ లెక్క ఉంది. ఇటుక, రాతి గోడల కట్టడానికి సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 1905 ప్రకారం, బరువు మోసే గోడలో నిలువు గాడి లోతు గోడ మందంలో మూడో వంతు దాటకూడదు. అడ్డ గాడిని వీలైనంత వరకు మానాలి. తప్పనిసరైతే ఆరో వంతు దాటకూడదు.

కారణం తేలికే. పైకప్పు బరువు గోడలో పైనుంచి కిందికి దిగుతుంది. నిలువు గాడి ఆ బరువు దారిని పక్కకు జరుపుతుందంతే. అడ్డ గాడి మాత్రం దారికి అడ్డంగా కోత పెడుతుంది. గోడ పొడవునా కోసుకుంటూ పోతే, ఆ మేర గోడ మందం తగ్గినట్టే.

కొలతల్లో చూద్దాం. 9 అంగుళాల గోడ అంటే సుమారు 230 మిల్లీమీటర్లు. మూడో వంతు 76. నిలువుగా ఏ పైపైనా హాయిగా పడుతుంది. ఆరో వంతు 38. అడ్డంగా కూడా ఇరుకుగా సరిపోతుంది. ఇక 4.5 అంగుళాల గోడ. మందం సుమారు 115 మిల్లీమీటర్లు. మూడో వంతు 38. పైపు 20 మిల్లీమీటర్లు, దాని మీద పూత 12.. మొత్తం 32. నిలువుగా వేయొచ్చు. ఆరో వంతు 19 మాత్రమే. గోడ మీది పూత మందాన్ని కలుపుకొన్నా పైపు పట్టదు. అంటే ఇంటి లోపలి సన్న గోడల్లో అడ్డ గాడి లెక్కకే నిలవదు. ఈ గోడ మీద కప్పు బరువు లేకపోయినా ఇదే పద్ధతి మేలు. సన్న గోడ కోతకు పగుళ్లిస్తుంది, ఒక్కోసారి ఊగుతుంది.

మరి ఒక బోర్డు నుంచి పక్క బోర్డుకు ఎలా వెళ్లాలి? పైకి ఎక్కి, కప్పు కిందుగా వెళ్లి, మళ్లీ నిలువుగా దిగాలి. తీగ నాలుగు మీటర్లు ఎక్కువ పడుతుంది. గోడ ఖరీదుతో పోలిస్తే అది లెక్కలోది కాదు. ఏటవాలుగా కోసే ‘అడ్డదారి’ మాత్రం ఎప్పటికీ వద్దు. బోర్డుకు నేరుగా పైన తీగ ఉందని ఎవరైనా ఊహిస్తారు. ఏటవాలు తీగను ఎవరూ ఊహించరు. దేవుడి పటానికి కొట్టిన మేకు దానిలో దిగుతుంది.

సన్న గోడకు రెండు వైపులా రెండు గదుల బోర్డులు వస్తాయి. రెంటినీ వెనకా వెనకా ఒకేచోట పెడితే గోడ ఆరపార చిల్లు పడుతుంది. అటు బోర్డు, ఇటు బోర్డు మధ్య కనీసం జానెడు ఎడం ఉంచాలి. ఒకే గాడిని గోడకు ఇటూ అటూ ఎదురెదురుగా కొట్టడమూ అంతే తప్పు.

కాంక్రీటు స్తంభం, దూలం, ద్వారం మీది లింటెల్.. ఈ మూడింటినీ కోయకూడదు. పూత గీరి ఇనుము కనిపించిందంటే అక్కడ ఆగిపోవాలి. పైకప్పు స్లాబును కింద నుంచి గాడి కొట్టి ఫ్యాను తీగ దాచడం కూడా చేయరాని పని. కమ్ములకు తేమ తగిలి తుప్పు పట్టడానికి అదే మొదటి మెట్టు.

సుత్తి కాదు.. ముందు బ్లేడు

శానంతో మొదటి దెబ్బ నుంచీ కొట్టుకుంటూ పోతే పాత గోడ అదురుతుంది. అటువైపు పూత ఊడుతుంది. ముందు కటింగ్ మిషనుతో రెండు సమాంతర గీతలు కోసి, మధ్య భాగాన్ని చిన్న శానంతో తీస్తే అదురు తగ్గుతుంది. గాడి కూడా నిట్టనిలువుగా వస్తుంది.

కోతలో లేచే దుమ్ము మామూలు దుమ్ము కాదు. ఇటుక, ఇసుక, రాయిలోని సిలికా ఊపిరితిత్తులకు చేటు. పనివాడు మంచి మాస్కు కట్టాలి. ఆ రోజు ముసలివాళ్లను, పసివాళ్లను పక్కింటికి పంపడం మంచిది. కోసేముందు మెయిన్ ఆపాలి. ఆపాక టెస్టరుతో చూసుకోవాలి. మిషనుకు కరెంటు ఆ గోడలో తీగ లేని వేరే దారి నుంచి తీసుకోవాలి. వంటిల్లు, స్నానాల గది వెనక గోడల్లో నీళ్ల పైపు ఎక్కడుందో ముందే కనుక్కోవాలి.

మిద్దెకు, రాతికి దారి వేరు

బళ్లారి, రాయచూరు వైపు పాత మిద్దెల గోడలు రాయీ మట్టీ కలిపి కట్టినవి. మందం అడుగున్నర నుంచి రెండడుగుల దాకా ఉంటుంది. ‘ఇంత లావు గోడ, ఎంత కొడితే ఏం?’ అనిపిస్తుంది. నిజానికి ఇవి బయటా లోపలా రెండు ముఖాలుగా పేర్చి, నడుమ చిన్న రాళ్లు, మట్టి నింపిన గోడలు. ఒక రాయి కదిలితే దాని మీదిది జారుతుంది, లోపలి మట్టి రాలుతుంది. గాడి కొట్టబోతే గుంత పడుతుంది. పైన దూలాలు, దంతెలు, చవుడు మట్టి బరువంతా ఆ గోడ మీదే ఉంది.

ఇలాంటి ఇంట్లో తీగ దారి దూలం వెంట. దూలం పక్కగా, కంటికి ఆనని వైపు పైపు బిగించి, ద్వారబంధం అంచు వెంట కేసింగు పట్టీలో కిందికి దించితే చాలు. దూలానికి మాత్రం తొర్ర పెట్టొద్దు. బోర్డు గోడలో పూడ్చకుండా గోడ మీదే చెక్క లేక ప్లాస్టిక్ పెట్టెలో బిగించాలి. తప్పనిసరిగా చిన్న గుంత చేయాల్సి వస్తే రాళ్ల మధ్య సందు చూసుకుని తీయాలి. పూడ్చేటప్పుడు సున్నపు గచ్చు మేలు. మట్టి గోడకు సిమెంటు సరిగా అతకదు. ఎండాక పెచ్చుగా లేచి వస్తుంది.

కోలారు, హోసూరు చుట్టుపక్కల నల్లరాతి పలకలను నిలబెట్టి కట్టిన ఇళ్లున్నాయి. పలకలో గాడి కొట్టే మాటే లేదు. పలకకు పలకకు మధ్య సందే తీగకు దారి. ఒక గది నుంచి మరో గదికి వెళ్లడానికి కప్పు దగ్గర ఒక్క రంధ్రం చాలు.

తమిళనాడు వైపు పాత ఇళ్లలో మద్రాసు టెర్రస్ కప్పు కనిపిస్తుంది. చెక్క దూలాల మీద ఇటుకలను నిలువుగా పేర్చి సున్నంతో బిగించిన కప్పు అది. దాన్ని కింద నుంచి కొడితే ఇటుక వదులవుతుంది. అక్కడా దూలమే దారి. పెంకుటిళ్లలో అటక ఉంటే అంతకన్నా సుఖం లేదు. తీగంతా అటక మీద పైపులో నడిపి, బోర్డు ఉన్నచోట మాత్రం గోడలోకి దించొచ్చు. అయితే అటక ఎలుకల రాజ్యం. పైపు లేని తీగను అక్కడ వదలకూడదు.

గోడ మీద పట్టీ కనిపిస్తే ఇల్లు పాతగా ఉంటుందని బెంగ పడేవారున్నారు. సరిగా గీత పట్టి, గోడ రంగే వేసిన కేసింగు పట్టీ నాలుగు రోజులకు కంటికి అలవాటైపోతుంది. తీగ చెడితే మూత తీసి మార్చుకోవచ్చు. అద్దె ఇంటికి, పంపకాలు తేలని ఉమ్మడి ఇంటికి ఇదే తగిన పద్ధతి.

ఉమ్మడి గోడ.. ఇరుగు మాట

బరంపురం నేత వీధుల్లో, షోలాపూర్ పద్మశాలీల పేటల్లో ఇళ్లు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. చాలాచోట్ల నడిమి గోడ ఇద్దరిదీ. ఇటువైపు గాడి కొడితే అటువైపు అద్దాల బీరువా అదురుతుంది. అటువాళ్లు ఇదివరకే గాడి కొట్టి ఉంటే, మీ శానం వాళ్ల తీగ మీద పడొచ్చు. పని మొదలుపెట్టే ముందు పొరుగింటికి వెళ్లి ‘వదినా, రేపు గోడ కొడుతున్నాం, మీ బోర్డు ఎక్కడుందో ఒకసారి చూపిస్తావా?’ అని అడిగితే సగం ప్రమాదం, సగం తగువు తప్పుతాయి. వీలైతే ఉమ్మడి గోడను వదిలేసి, ఇంటి లోపలి అడ్డుగోడల్లోనే బోర్డులన్నీ పెట్టుకోవడం ఉత్తమం.

మగ్గం ఇంట్లోనే ఉంటే దాని మోటారుకు వేరే తీగ, వేరే ఎంసీబీ ఉండాలి. దీపాల తీగ మీద మోటారు వేస్తే అది మొదలైన ప్రతిసారీ ఇంటి దీపాలు కునుకుతాయి.

వరద గీత పైన బోర్డు

యానాంకు గోదావరే అండ, గోదావరే గండం. 2022 జులై వరదల్లో యానాంలోకి నీళ్లొచ్చాయి. అదే నెలలో గడ్చిరోలి జిల్లా సిరొంచ ప్రాంతమూ వరద పాలైంది. ఇలాంటి ఊళ్లలో గోడ మీద పాత వరద గీత ఎక్కడుందో ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు. మీటరు, మెయిన్ బోర్డు, ప్లగ్గులు ఆ గీతకు పైనే ఉండాలి. మామూలుగా స్విచ్చి బోర్డును నేలకు నాలుగు, నాలుగున్నర అడుగుల ఎత్తున పెడతారు. వరద గీత అంతకన్నా ఎత్తుంటే బోర్డూ ఎక్కాలి.

తీగలన్నీ కప్పు కిందుగా నడిపి పైనుంచి బోర్డుకు దించడం ఇక్కడ రెండు విధాలా మంచిది. నేలలో, గోడ అడుగున వేసిన పైపుల్లో నీరు చేరితే తొందరగా ఆరదు. కింది ప్లగ్గులకు విడిగా ఒక ఎంసీబీ ఇస్తే, నీళ్లు వస్తున్నాయనగానే దాన్ని దించేసి పై దీపాలు వెలిగించుకోవచ్చు. నీళ్లు బోర్డుదాకా వచ్చేలా ఉంటే మాత్రం మెయిన్ మొత్తం ఆపాల్సిందే. నీళ్లు తీశాక గోడలు ఆరి, పరీక్ష చేయించేదాకా మెయిన్ వేయొద్దు. ఉప్పుగాలి తగిలే చోట ఇనుప పెట్టెలు త్వరగా తుప్పు పడతాయి. ప్లాస్టిక్ పెట్టెలే నయం.

ఏ తీగ.. ఎంత మందం?

పాత మేస్త్రీల నోట ఇప్పటికీ ‘మూడు బై ఇరవై, ఏడు బై ఇరవై’ అన్న లెక్కలు వినిపిస్తాయి. 20 గేజు తీగలు మూడు, లేదా ఏడు పేనినదని అర్థం. లెక్క కడితే మొదటిది దాదాపు 2 చదరపు మిల్లీమీటర్లు, రెండోది 4.5కు కాస్త పైన. ఇప్పుడు దుకాణంలో చదరపు మిల్లీమీటర్లలోనే అడగాలి. దీపాలు, ఫ్యాన్లకు 1.5, ప్లగ్గులకు 2.5, గీజరు, ఏసీలకు 4 వాడుకలో ఉన్న కొలతలు. తీగ రాగిదై ఉండాలి. కట్ట మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694 అన్న అంకె చూసుకోవాలి. పైపు మీద ఐఎస్ 9537 ఉండాలి.

రంగుల్లో మన దగ్గర వాడుక.. ఎరుపు, పసుపు, నీలం ఫేజుకు, నలుపు న్యూట్రల్‌కు, ఆకుపచ్చ ఎర్తుకు. ఎర్ర కట్ట అయిపోయిందని ఆకుపచ్చ తీగను ఫేజుకు లాగడం ప్రాణం మీదికి తెచ్చే పని. పదేళ్ల తర్వాత ఆ బోర్డు విప్పేవాడు ఆకుపచ్చను చూసి ధైర్యంగా పట్టుకుంటాడు.

తీగను కాపాడేది ఎంసీబీ, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. రెండూ వేరు. 1.5 తీగకు 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ సరిపోతుంది. ‘మాటిమాటికీ పడిపోతోంది’ అని 32 ఆంపియర్లది వేస్తే, తీగ కాలుతున్నా అది పడదు. ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లది తీసుకోవాలి. కరెంటు ఒంట్లోంచి నేలకు పారిన వెంటనే అది తెంచేస్తుంది. ఒక చేత్తో ఫేజు, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే మాత్రం అది కనిపెట్టలేదు. దాని మీదున్న టెస్టు బటన్‌ను నెలకోసారి నొక్కి చూడాలి. ఇవన్నీ పెట్టినా ఎర్తింగు మానకూడదు.

మెట్ల దీపానికి రెండు స్విచ్చులు

కింద వేసి పైన ఆపే మెట్ల దీపం ఇప్పుడు ప్రతి మేడకూ ఉంది. దీనికి రెండు చోట్లా టూవే స్విచ్చి కావాలి. రెంటి మధ్య రెండు తీగలు నడవాలి. గాడి కొట్టేటప్పుడే ఈ లెక్క చెప్పకపోతే తర్వాత మరో పైపు కోసం గోడ మళ్లీ పగలాల్సిందే.

ఇక్కడే ఓ పొరపాటు తరచూ జరుగుతుంది. ఫేజు కింది ఇంటి నుంచి, న్యూట్రల్ పై ఇంటి నుంచి తీసుకుంటారు. తీగ మిగులుతుంది, దీపమూ వెలుగుతుంది. రెండు ఇళ్లకూ ఆర్‌సీసీబీలు పెట్టిన రోజున మాత్రం మెట్ల దీపం వేయగానే మెయిన్ పడిపోతుంది. వెళ్లిన కరెంటు అదే దారిన తిరిగి రాకపోతే ఆర్‌సీసీబీ లీకేజీగానే లెక్కిస్తుంది. పైవాటాలో ఫేజు ఆపి పని చేసేవారికి న్యూట్రల్ నుంచి దెబ్బ తగిలే ముప్పూ ఉంది. ఫేజు ఎక్కడిదో న్యూట్రల్ అక్కడిదే కావాలి.

పూత వేసే ముందే పరీక్ష

గాడిలో పైపు బిగించి, మీద కోడి వల పరిచి పూత వేస్తే పగుళ్లు తగ్గుతాయి. పూతకు ముందు గాడిని తడపాలి. అంతకన్నా ముందు చేయాల్సినవి మూడున్నాయి. ఒకటి, పైపులో తీగ సులువుగా కదులుతోందా అని లాగి చూడటం. రెండు, ప్రతి గోడను ఫోనులో ఫొటో తీయడం. పక్కన టేపు పట్టి తీస్తే, తీగ మూల నుంచి ఎన్ని అడుగులుందో ఎప్పటికీ తెలుస్తుంది. మూడు, అతుకులన్నీ పెట్టెల్లోనే ఉన్నాయా అని చూడటం. గాడిలో తీగ అతికి టేపు చుట్టి పూత వేసేస్తే ఆ అతుకు మళ్లీ ఎవరికీ దొరకదు.

పని ముగిశాక, మెయిన్ వేయకముందే మెగ్గరుతో ఇన్సులేషన్ చూపించమని అడగాలి. బల్బులు, పరికరాలన్నీ తీసేసి 500 వోల్టుల మెగ్గరుతో చూస్తే కనీసం 1 మెగోమ్ రావాలి. కొత్త తీగలకు దానికన్నా చాలా ఎక్కువే వస్తుంది. తక్కువ వచ్చిందంటే గోడలో ఎక్కడో తీగ గీసుకుపోయింది, లేదా తేమ పట్టింది. పూత ఆరాక మరోసారి చూస్తే ఇంకా మంచిది.

మాట ముందే తేల్చుకోవాలి

కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ.. పనివాడిది ఏ భాషైనా ‘పాయింటు’ మాట అందరికీ ఒకటే. కూలి పాయింటు లెక్కనే. గొడవ వచ్చేది ఆ పాయింటులో ఏమేం కలిశాయన్న దగ్గర. గాడి కొట్టడం అందులోనా, పూత ఎవరిది, పాత తీగ తీసి చెత్త ఎత్తేది ఎవరు, టూవే పాయింటు ఒకటా రెండా.. ఇవన్నీ కాగితం మీద రాసుకుంటే మంచిది. తీసిన పాత రాగి, అల్యూమినియం ఇంటివాళ్లదే. దాన్ని ఎవరు తీసుకోవాలో కూడా ముందే అనుకోవాలి.

వైరింగు పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరుతోనే చేయించాలన్నది కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధన. లైసెన్సు ఆ రాష్ట్రానిదై ఉండాలి. సొంతూరి నుంచి తెలిసిన కుర్రాణ్ని పిలిపించుకునే అలవాటు సరిహద్దు ఊళ్లలో ఎక్కువ. పని వచ్చినవాడే కావొచ్చు. స్థానిక లైసెన్సుదారు చూసి సంతకం పెట్టే ఏర్పాటు ఉంటేనే రేపు లోడు పెంచుకోవడానికి దరఖాస్తు పెట్టినప్పుడు చిక్కు రాదు. బళ్లారికి జెస్కాం, కోలారుకు బెస్కాం, బరంపురానికి టీపీఎస్ఓడీఎల్, షోలాపూర్, సిరొంచలకు మహావితరణ.. సంస్థ ఏదైనా మీటరు సీలు జోలికి ఇంటివాళ్లు, పనివాళ్లు వెళ్లకూడదు. మీటరు అవతల పని సంస్థది, ఇవతల పని మనది.

ఇవి మరవొద్దు

* స్విచ్చి ఎప్పుడూ ఫేజు మీదే.
* గాడి నిలువుగానే. లోతు గోడ మందంలో మూడో వంతు లోపు.
* సన్న గోడలో అడ్డ గాడి, ఏ గోడలోనైనా ఏటవాలు గాడి వద్దు.
* రాయి, మట్టి గోడలకు పైపట్టీయే క్షేమం.
* స్తంభం, దూలం, లింటెల్, స్లాబు కోయొద్దు.
* ప్రతి బోర్డుకూ న్యూట్రల్, ఎర్తు చేరాలి.
* అతుకులు పెట్టెలో తప్ప గోడలో ఉండకూడదు.
* స్నానాల గది గీజరు స్విచ్చి తడి చేతులకు అందనంత దూరంలో ఉండాలి.
* తీగల దారి గీసిన కాగితం ఒకటి మెయిన్ బోర్డు తలుపు లోపల అంటించాలి. ఇల్లు చేతులు మారినా ఆ కాగితం ఇంటితోనే ఉంటుంది.